అవ్వ ముఖం చూసుకునే పట్టీ

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరిని పలకరించినా రెండో మాటకే భూమి దగ్గరికి వచ్చేసేవారు. టీ కొట్టు దగ్గరా, బస్టాండులోనూ, ఆఖరికి మంగలి షాపులో మెడ మీద కత్తి ఉండగా కూడా అదే ప్రశ్న: "మీదెన్ని గుంటలు? అమ్మినవా, ఉంచినవా?" హైదరాబాదు మా వైపు నడిచి వస్తోందని ఊరందరికీ గట్టి నమ్మకం. (నడిచి కాదు, పరిగెత్తుకునే వచ్చింది. ఆ గోల ఇప్పుడెందుకు లెండి.) నాకు మాత్రం గుంట భూమి లేదు, ఒక డిప్లొమా ఉండేది. పశ్చిమ గోదావరి నుంచి ఆ కాగితం సంచిలో పెట్టుకుని ఇక్కడ బస్సు దిగేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. లోకంలో బళ్ళన్నీ నా చేతి చలవ కోసమే పాడైపోతున్నాయన్నంత ధీమా. ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురుపడితే ముందు ఓ మొట్టికాయ వేసి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పిస్తాను.

మా బాబాయికి సాగర్ రోడ్డు పక్కన టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. సొట్టలు తీయడం, రంగులు వేయడం. భూములమ్మిన వాళ్ళంతా ఏదో ఒక బండి కొనేవారు, కొన్న నెలకే దాన్ని తీసుకెళ్ళి ఏ గేటుకో గుద్దేవారు, మా షెడ్డు మూడు గుద్దులు ఆరు సొట్టలుగా నడిచేది. నన్ను పనిలో పెట్టుకుంటూ బాబాయి ఒక్కటే చెప్పాడు. "ఒరే అబ్బాయ్, మూడు నెలలు చూస్తాను. పని అబ్బితే ఉంటావు. లేదంటే బస్సెక్కించి మీ నాన్న దగ్గరికి పంపేస్తాను, ఎరువుల కొట్లో కూర్చుందువు గాని." నాకు ఎరువుల కొట్టు వాసన తలుచుకుంటేనే తుమ్ములొచ్చేవి. ఇక్కడే పాతుకుపోవాలని ఆ రోజే తీర్మానించుకున్నాను.

షెడ్డుకి యజమాని బాబాయే గాని, పనికి యజమాని వలన్న. అసలు పేరు వేరే ఉంది, అది ఆయన రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. చేపలు పట్టే ఇంట పుట్టాడు, మధ్యాహ్నం అన్నం తినగానే షెడ్డు గుంజకి చిరిగిన వల తగిలించుకుని, వెదురుతో చెక్కిన ఇంత పొడుగు సూదితో అల్లుతూ కూర్చునేవాడు. అందుకే వలన్న. నన్ను చూసిన మొదటి రోజు నుంచీ "డిప్లమా" అని పిలిచేవాడు. "ఏం డిప్లమా, మంచిగున్నవా?" అంటే అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది. ఆ సగం కూడా తప్పుగా. రెండో రోజే "జర గ్యాస్‌నూనె తే పో" అన్నాడు. గ్యాసు అన్నాడు కదా అని నేను బాబాయి వాళ్ళింటికి వెళ్ళి పిన్నిని ఒప్పించి, సిలిండరు భుజానికెత్తుకుని వచ్చాను. షెడ్డులో ఉన్న నలుగురూ పని ఆపి నా వంక చూశారు. వలన్న సిలిండరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మూల నుంచి కిరసనాయిలు డబ్బా తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. "గిది గ్యాస్‌నూనె. గది వంట జేస్కునేది. సమజైందా?" సమజైందన్నాను. (పిన్నికి ఆ పూట వంట ఎలా అయిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పనూ లేదు.)

ఇలా ఉండగా షెడ్డుకి ఒక పాత అంబాసిడర్ వచ్చింది. దాని వెనకే బాపు వచ్చాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని బాపు అనే పిలిచేవారు. ఆదిభట్ల వైపు చేనులో కొంత అమ్మాడు, కొత్త కార్లు చూపిస్తే మొహం అటు తిప్పుకున్నాడు. "గవి అగ్గిపెట్టెలు. కారంటే అంబాసిడరే" అని ఎవరో రిటైరైన డాక్టరు దగ్గర దీన్ని కొన్నాడు. కారు బాగుంది గాని రంగు వెలిసిపోయి పులిసిన మజ్జిగలా ఉంది. తెల్లగా వేయించాలి. శనివారం పెద్ద అంబర్‌పేట్‌లో అవ్వ చెల్లెలి కొత్తింట్లో పాలు పొంగిస్తారు, ఆ వేళకి బాపూ అవ్వా కారులో దిగాలి. అవ్వ అంటే బాపు భార్య.

"అన్నీ ఇప్పుండ్రి, రంగెయ్యుండ్రి, మల్ల పెట్టుండ్రి. గని గీ ఒక్క దాంతోని పైలం" అని బాపు ముందు ఎడమ తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. కిటికీ అద్దం కింద, తలుపు పొడుగునా మెరిసే పట్టీ. మా వాళ్ళు బీడింగ్ అంటారు. అన్ని తలుపులకీ ఉన్నాయి, ఇందులో ఏముందా అని చూశాను. బాపు గొంతు తగ్గించాడు, ఎవరో వింటారన్నట్టు. కారు కొన్న కొత్తల్లో అవ్వ ఎక్కనే ఎక్కనందట. "గా డబ్బల గూసుంటె నాకు కక్కొస్తది" అని తేల్చి చెప్పి, బాపు కారులో పోతే తను బస్సులో పోయేది. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి తిడుతూ తిడుతూ ఈ పట్టీలో తన ముఖం చూసుకుంది. బొట్టు పక్కకి జరిగిందని సవరించుకుంది. కొంగు సర్దుకుంది. సర్దుకున్నాక, ఎలాగూ తయారయ్యాను కదా అని ఎక్కి కూర్చుంది. అప్పట్నుంచీ అదే అలవాటు, పట్టీలో ముఖం చూసుకుంటేనే ఎక్కుతుంది. "దీనికి ఏమన్నా అయిందా, అవ్వ బస్సుకు పోతది. సెల్లె ఇంటికాడ నేను కార్ల, అవ్వ బస్సుల. నా ఇజ్జత్ ఏమైతది జెప్పు?" అన్నాడు బాపు. నవ్వొచ్చింది గాని, ఆయన ముఖం చూసి ఆపుకున్నాను.

బాబాయి నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇలాంటి పట్టీలు ఇప్పుడు రావట్లేదు. దాని మీద గీత పడిందో, నీ బస్సు టిక్కెట్టు నేనే తీస్తాను" అని చెప్పి, ఏదో సొంత పని మీద సిటీకి వెళ్ళిపోయాడు. రెండు రోజుల వరకు రాడు.

పట్టీ తీయడం ఎలాగో నాకు నేర్పింది వలన్నే. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్తే చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఇనుముకు ఇనుము పెడ్తవా? గీతలు వడవా?" తన వెదురు సూది తెచ్చాడు, వల అల్లేదే. దాని మొనకి మెత్తటి గుడ్డ చుట్టాడు. ముందు సందులో దుమ్మంతా నీళ్ళతో కడిగించాడు, ఇసుక రేణువున్నా గీత పడుతుందని. తర్వాత వేలి గోరుతో పట్టీ పొడుగునా టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు. శబ్దం మారిన చోట లోపల క్లిప్పు ఉన్నట్టు. అక్కడ సుద్దతో చుక్క పెట్టాడు. ప్రతి చుక్క దగ్గరా నాలుగు చుక్కల గ్యాస్‌నూనె. కాసేపు ఎండ. అప్పుడు వెదురు మొన లోపలికి పోనిచ్చి, ఒక క్లిప్పు దగ్గర బియ్యపుగింజంత లేపడం, అక్కడ ఆపి పక్క క్లిప్పు దగ్గరికి పోవడం, మళ్ళీ గింజంత. ఒకే చోట ఎక్కువ లేపితే పట్టీ వంగుతుంది. అన్నీ కొద్దిగా లేచాక వెనక నుంచి వల దారం పోనిచ్చి, ఈ కొసన నేను, ఆ కొసన ఆయన, రంపంలా అటూ ఇటూ ఆడించేవాళ్ళం. పాత లప్పమంతా దారానికి తెగి వచ్చేది. చివరికి పట్టీ దానంతటది పక్కకి జారి చేతిలోకి వచ్చేది. "గుంజద్దు డిప్లమా. గుంజితె వంగుతది. దాన్ని ఒప్పియ్యాలె" అనేవాడు. నిజం చెప్పొద్దూ, మూడేళ్ళ చదువులో నాకు అంత బాగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

మూడు తలుపులు ఒక్క గీత లేకుండా అయిపోయాయి. నాలుగోది అవ్వది. దాని క్లిప్పులకే జంగు పట్టింది. (తుప్పుని ఇక్కడ జంగు అంటారు. అప్పటికి అది నేర్చుకున్నాను.) నూనె వేశాం, ఎండలో పెట్టాం, కదల్లేదు. మర్నాడు గురువారం పొద్దున్నే మళ్ళీ నూనె వేస్తుంటే షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఒకటి ఆగింది, నిండా వలలు, వలల మీద మనుషులు. ఆ ఏడు చెరువులోకి కాసిని నీళ్ళొచ్చాయి, ఎండలకి అవి తగ్గాయి, ఆ వేళ చేపలు పట్టడానికి ఇంటికొక మనిషి పోవాలి. వలన్న చేతులు తుడుచుకుని ఆటో వెనక ఎక్కేశాడు. "అన్నా, పట్టీ సంగతేంటి?" అని వెంట పరిగెత్తాను. ఆటో ఇంజను గోల, మనుషుల గోల, వెనక లారీ హారను. వాటి మధ్య నుంచి వలన్న చెయ్యి ఊపుతూ అరిచాడు. "నూనె ఏసినం గదా! ఇగ ఊపు! ఊపుతుంటె అదే వస్తది!"

నాకు వినపడింది అదీ.

ముందు కొంచెం అనుమానమేసింది. రెండు రోజులుగా ముట్టుకోకు, గుంజకు, ఒప్పించు అన్న మనిషి ఊపమంటాడేంటి అని. కానీ డిప్లొమా ఊరుకుంటుందా? కదలిక వల్ల బిగింపులు వదులవుతాయని రెండో సంవత్సరం పుస్తకంలో చదివిన పేరా గుర్తుకొచ్చింది. చూశావా, చదువులేకపోయినా ఈ మనిషికి శాస్త్రం ఎలా తెలిసిందో అని ముచ్చటపడ్డాను కూడా! పట్టీ కొస పట్టుకుని రెండు వేళ్ళతో ఊపాను. రాలేదు. చేత్తో ఊపాను. రాలేదు. పట్టీ వదలకుండా భుజం తలుపుకి ఆనించి కారు మొత్తాన్ని ఊపాను. ఎదురుగా టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి, "ఏం సారూ, కారుకేమన్న దయ్యం వట్టిందా?" అని అడిగాడు. "ఇది పద్ధతి" అన్నాను దర్జాగా. ఆయన ఇంకో గ్లాసు తీసుకుని, కడగకుండా నా వంకే చూస్తూ నిలబడ్డాడు.

టంగుమంది. పట్టీ చేతిలోకి వచ్చింది. వలన్న చెప్పినట్టు అదే వచ్చింది, కాకపోతే నడుం విరగ్గొట్టుకుని వచ్చింది. సరిగ్గా మధ్యలో, అవ్వ ముఖం చూసుకునే చోట, బొటనవేలు పట్టేంత వంపు. సరిచేద్దామని మోకాలి మీద పెట్టి నొక్కాను. ఒక వంపు రెండయ్యాయి. అందులో నా ముఖం చూసుకుంటే ముక్కులు రెండు, గడ్డం లేదు. ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనిపించింది. బస్సులో నిలబడి కొంగు సర్దుకుంటున్న అవ్వ కూడా కనిపించింది, అప్పటికి ఆవిణ్ణి ఒక్కసారైనా చూడకపోయినా. నమ్మండి, ఏడుపొచ్చేసింది.

బాబాయి సైకిలు తీసి, పట్టీని తువ్వాలులో చుట్టి హ్యాండిల్ మీద అడ్డంగా పెట్టుకుని చెరువుకి తొక్కాను. పట్టీ అటో చేతి దూరం, ఇటో చేతి దూరం పొడుచుకొచ్చి ఉంటే బజార్లో జనం తిట్టుకుంటూ పక్కకి దూకారు. కట్ట మీద నిలబడి చూస్తే నడుంలోతు నీళ్ళలో ముప్ఫై మంది వల లాగుతున్నారు. "అన్నా!" అని గొంతు చించుకున్నాను. వలన్న వల వదిలి ఒడ్డుకి వచ్చాడు. తువ్వాలు విప్పి చూపించాను. వంపు మీద తడి వేలు పెట్టి రాశాడు.

"ఏం జేసినవ్?"

"ఊపాను."

"ఊపినవా? ఎందుకు ఊపినవ్?"

"మీరే కదా ఊపమన్నారు! ఆటోలోంచి! ఊపు, ఊపుతుంటే అదే వస్తది అని!"

వలన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓర్నీ డిప్లమా! ఊకో అన్న రా! ఊకో! ఊకుంటె అదే వస్తది అన్న!"

మా ఊళ్ళో ఊరుకో అంటే ఇక్కడ ఊకో. ముట్టుకోకుండా వదిలెయ్, ఎండకి నూనె దిగి దానంతటదే వదులవుతుంది అని చెప్పాడు మహానుభావుడు. నేను కారుకి పూనకం తెప్పించాను. ఈ మాటలన్నీ నీళ్ళలో ఉన్న ముప్ఫై మందికీ వినపడ్డాయి. చెరువు చెరువంతా నవ్వింది. ఒక ముసలాయన వల పట్టుకునే అడిగాడు. "సారూ, గీ వల ఊకుందుమా, ఊపుదుమా?" వలన్న కట్ట మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ముందు పౌరుషం వచ్చింది, తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ తర్వాత ఏమైందో గాని నేనూ నవ్వేశాను. కళ్ళలో నీళ్ళతోనే.

వలన్న ఆ పూట వల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు, నాతో షెడ్డుకి వచ్చాడు. గోనెసంచిలో తడి ఇసుక పోయించాడు, పట్టీని దాని మీద బోర్లా పరిచాడు, చెక్క సుత్తికి గుడ్డ చుట్టి, పసిపిల్లని జోకొట్టినట్టు కొట్టుకుంటూ పోయాడు. నా మోకాలి వంపు పోయింది. మొదటి వంపు చాలావరకు పోయింది. మధ్యలో సన్నటి అల ఒకటి మిగిలింది. ఇంకొంచెం కొట్టమని బతిమాలాను. "ఇగ ముడితె పలుగుతది. ఊకో" అన్నాడు, ఇంకో దెబ్బ పడితే పగిలిపోతుందని.

శుక్రవారానికి కారు తెల్లగా అయింది. బాబాయి తిరిగొచ్చి పట్టీ చూశాడు, నన్ను చూశాడు, పొడిగా "రేపు వాళ్ళే చెబుతారు" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. శనివారం పొద్దున నేను బట్టలు సర్దుకుని సంచి షెడ్డు మూల పెట్టుకున్నాను.

బాపు తెల్ల పంచెలో వచ్చాడు, వెనకే ఆకుపచ్చ చీరలో అవ్వ. సన్నటి మనిషి, గాలేస్తే చీరే నిలబడుతుంది మనిషి ఎగిరిపోతుందన్నట్టు ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ తలుపు దగ్గర ఆగి, బొట్టు చూసుకోవడానికి వంగింది. బాపు అవ్వని చూస్తున్నాడు. వలన్న వలని చూస్తున్నాడు. బాబాయి ఆకాశాన్ని చూస్తున్నాడు.

"గిదెవరు?" అంది అవ్వ.

వేలితో పట్టీలో అల మీద తట్టింది.

"ఎవడు జేసిండు గిది?"

"నేనేనండీ మామ్మగారూ" అన్నాను. ఇక దాచి ఏం లాభమని మొత్తం చెప్పేశాను, గ్యాసు సిలిండరు దగ్గర్నుంచి చెరువు కట్ట దాకా. చెబుతున్నంతసేపూ అవ్వ పట్టీలోంచి ముఖం తీయలేదు. "మీరు బస్సులో వెళ్ళొద్దండీ, కావాలంటే నేనే బస్సెక్కి మా ఊరెళ్ళిపోతాను" అని ముగించాను. అవ్వ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది!

"ఇటు రా బిడ్డా, సూడు" అని నా చెయ్యి పట్టి లాగింది. పట్టీలో పక్కపక్కన ఇద్దరి ముఖాలు. ఆ అల దగ్గర ఆవిడ బుగ్గలు రెండూ నిండుగా, పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. "ఎప్పుడు వోయినా మా సెల్లె, అక్కా ఎంత బక్కగైనవే, బావ తిండి వెడ్తలేడా అంటది. గిప్పుడు సూడు, ఎంత దుబ్బగున్ననో!" అని బాపు వైపు తిరిగి, "ఇన్నేండ్ల సంది నీతోని గాలే, గీ పిలగాడు ఒక్క ఊపుకు జేసిండు" అంది. ఆ మాటకి బాపు తన వైపు తలుపు తీసి ఎక్కి, హారను కొట్టాడు. అవ్వ బొట్టు సవరించుకుని, కొంగు సర్దుకుని, ఎక్కి కూర్చుంది. కారు పెద్ద అంబర్‌పేట్ వైపు కదిలింది.

బాబాయి మూలనున్న సంచి చూసి, "అదేంట్రా?" అన్నాడు. "చాకలికి వేద్దామని" అన్నాను. "వెయ్, వెయ్" అని లోపలికి పోయాడు. ఎరువుల కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. ఊళ్ళో మాత్రం డిప్లమా పోయి "ఊపుడు సారు" మిగిలింది. చాలా ఏళ్ళపాటు నాకు శుభలేఖలు కూడా ఆ పేరు మీదే వచ్చాయి.

ఇప్పుడు షెడ్డు నాది. జుట్టు కారు రంగుకొచ్చింది. వలన్న పని మానేశాడు గాని మధ్యాహ్నం పూట వచ్చి నా పనిలో వంకలు పెట్టి, టీ తాగి పోతుంటాడు. ఆయన వెదురు సూది నా దగ్గరే ఉంది. మొన్నామధ్య అదే అంబాసిడర్ మళ్ళీ వచ్చింది. బాపు మనవడు తెచ్చాడు, ఆదిభట్లలో కంప్యూటర్ ఉద్యోగం, కంపెనీ బస్సులో పోయి వస్తాడు, పాత కార్లంటే పిచ్చి. మళ్ళీ రంగు వేయించి, మెరిపించి, ఫోటోలు దిగాలట. అవ్వ ఎలా ఉందని అడిగాను. "మంచిగుంది అంకుల్. ఇప్పుడు నిజంగనే దుబ్బగైంది. అయినా ఊకె గా పట్టీలనే సూస్కుంటది" అన్నాడు.

ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. ఆ అల అక్కడే ఉంది. అందులో ఒక పెద్దాయన, బుగ్గలు నిండుగా, ముక్కు కొంచెం పక్కకి, నవ్వుతున్నాడు. ఇరవై రెండేళ్ళ ధీమాగాడు ఆ ముఖంలో ఎక్కడైనా కనిపిస్తాడేమోనని కాసేపు వెతికాను.

"అంకుల్, గీ పట్టీ జర వంకరుంది. కొత్తది దొరుకుతదంట, మార్పియ్యాల్నా?" అన్నాడు మనవడు.

"ఊకో" అన్నాను.

వాడికి సరిగ్గానే వినపడింది.